చోటు మారిన అక్షరం



ముందుగా ఒక కాగితం, పెన్సిలు అందుకోండి. రేడియోలో నల్లబల్ల లేదు, తెర లేదు. ఆ పని మీ చేతిలోని కాగితమే చెయ్యాలి. దాని మీద ఐదు నిలువు వరుసలు పట్టేలా గళ్లు గీయండి. పైన ఒక్కో వరుసకు ఒక్కో అక్షరం రాయండి: రా, మ, చి, లు, క. రామచిలుక. ఇదే మన తాళంచెవి.

ఇప్పుడొక కబురు పంపాలి. “రేపు ఉదయం ఆరు గంటలకు రేవు దగ్గర కలుద్దాం.” మాటల మధ్య ఖాళీలు వదిలెయ్యండి. ఎడమ నుంచి కుడికి, గడికో అక్షరం చొప్పున నింపుకుంటూ రండి. మొదటి అడ్డువరుసలో రే, పు, ఉ, ద, యం. రెండో దాంట్లో ఆ, రు, గం, ట, ల. మూడో దాంట్లో కు, రే, వు, ద, గ్గ. నాలుగో దాంట్లో ర, క, లు, ద్దాం. అక్కడితో కబురు అయిపోయింది, చివరి గడి ఖాళీగా మిగిలింది. మొత్తం 19 అక్షరాలు. ఆ ఖాళీ గడిని గుర్తుపెట్టుకోండి, దానితో తర్వాత పని ఉంది.

అడ్డంగా రాశాం, నిలువుగా చదవాలి. ఏ నిలువు వరుస ముందు చదవాలో రామచిలుక చెబుతుంది. ఆ ఐదు అక్షరాలనూ వర్ణమాల వరసలో పెడితే ముందు క, తర్వాత చి, ఆ తర్వాత మ, రా, లు. అంటే ముందు ఐదో వరుస, తర్వాత మూడోది, రెండోది, మొదటిది, ఆఖరున నాలుగోది. పైనుంచి కిందికి చదువుతున్నాను, వినండి. యం ల గ్గ. ఉ గం వు లు. పు రు రే క. రే ఆ కు ర. ద ట ద ద్దాం.

చివరి నాలుగూ మృదంగం మీద పలికిన జతిలా ఉన్నాయి కదా. ఇందులో ఒక్క అక్షరం పోలేదు, కొత్తది చేరలేదు, ఏదీ వేషం మార్చుకోలేదు. ఉన్నవే ఉన్నాయి. చోటు మాత్రం మారింది. అర్థం మాయమైంది.

గూఢలిపి విద్యలో దీన్ని ట్రాన్స్‌పొజిషన్ సైఫర్ అంటారు. స్థానమార్పిడి అని మనం పిలుచుకుందాం. దీనికి జోడీ ఇంకో పద్ధతి ఉంది. అందులో అక్షరం ఉన్నచోటే ఉండి రూపం మార్చుకుంటుంది, క బదులు గ రాసినట్టు. పాత గూఢలిపులన్నీ ఇంచుమించు ఈ రెండు పాయల నుంచి పుట్టినవే. నాకు మొదటినుంచీ స్థానమార్పిడి మీదే మక్కువ. ఎందుకంటే ఇందులో అబద్ధమాడే అక్షరం లేదు.

పాతికేళ్లకు పైగా నేను కంప్యూటరు ల్యాబులో సి భాష నేర్పాను. 1970ల మొదట్లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ తయారుచేసిన భాష అది. మన ఊళ్లలోని డిగ్రీ కాలేజీల్లో, పాలిటెక్నిక్‌లలో టర్బో సి నీలం తెర ముందు కూర్చుని నేర్చుకున్నవాళ్లు ఈ ప్రసంగం వింటూ ఉండొచ్చు. ఆ భాషలో మెమరీకి, మనకి మధ్య తెరలు తక్కువ. ఏ వస్తువు ఏ అరలో ఉందో, ఎన్ని అరలు ఆక్రమించిందో మనమే చూసుకోవాలి. వస్తువు మారకుండా చోటు మార్చే విద్యను నేర్పడానికి అంతకన్నా తగిన భాష నాకు దొరకలేదు. అందుకని ప్రతి ఏడాదీ ఈ గళ్ల లెక్కను ఇచ్చేవాణ్ణి.

పిల్లలు సాధారణంగా ముందు ఏం చేస్తారంటే, కాగితం మీద గీసిన గళ్లనే మెమరీలో మళ్లీ కట్టాలనుకుంటారు. అడ్డం ఇన్ని, నిలువు ఇన్ని అని రెండు కొలతల అర్రే ఒకటి ప్రకటిస్తారు. పని జరుగుతుంది. కానీ ఆ గళ్లు మన కళ్ల కోసం గీసుకున్నవి, యంత్రానికి వాటి అవసరం లేదు. కబురును గళ్లలో పొయ్యకుండా ఒకే బారుగా ఉంచి, అక్షరాలకు సున్నా నుంచి 18 దాకా అంకెలు వేసి చూడండి. ఐదో నిలువు వరుసలో పడ్డ యం, ల, గ్గ ఎక్కడున్నాయి? 4, 9, 14 స్థానాల్లో. మూడో వరుసలోని ఉ, గం, వు, లు? 2, 7, 12, 17 స్థానాల్లో. తొక్కుడుబిళ్ల ఆటలో గళ్లు దాటుతూ గెంతినట్టు, ఒక చోట మొదలుపెట్టి ఐదేసి స్థానాలు గెంతడమే. 14 తర్వాత గెంతితే 19. అక్కడ అక్షరం లేదు కాబట్టి ఆగిపోతాం. ఖాళీ గడి బెడద అక్కడితో తీరిపోయింది.

ప్రోగ్రాములో ఇది రెండు ‘ఫర్’ లూపులు. బయటి లూపు తాళంచెవి చెప్పిన వరసలో నిలువు వరుసలను ఎంచుకుంటుంది. లోపలి లూపు ఆ వరుసలోని మొదటి అక్షరం దగ్గర మొదలై, తాళంచెవి పొడవంత గెంతుతూ, కబురు ముగిసే దాకా వెళుతుంది. ప్రతి గెంతులోనూ తొక్కిన అక్షరాన్ని ఫలితంలో తర్వాతి ఖాళీ చోట రాస్తుంది. నాలుగైదు పంక్తుల్లో అసలు పని అయిపోతుంది.

మూసినంత సులువు కాదు విప్పడం. పరీక్షల్లో, ల్యాబుల్లో తప్పులన్నీ అక్కడే పుడతాయి. కబురు అందుకున్న మనిషి దగ్గర 19 అక్షరాలున్నాయి, రామచిలుక ఉంది. 19ని ఐదుతో భాగిస్తే మూడు, శేషం నాలుగు. అంటే నాలుగు నిలువు వరుసల్లో నాలుగేసి అక్షరాలు, ఒక దాంట్లో మూడు. ఆ పొట్టి వరుస ఏది? గళ్లలో ఆఖరిది, అంటే ఐదోది. కానీ చదివే వరసలో అదే ముందు వస్తుంది. చాలామంది విద్యార్థులు, చదివే వరసలో మొదటి నాలుగింటికీ నాలుగేసి ఇచ్చేసి, ఆఖరిదానికి మూడు ఇస్తారు. అప్పుడేమవుతుందో ఈ కబురు మీదే చేసి చూశాను. “ఆరుగంటయం కురేవుదల రకలుద్దాంగ్గ దరేపుఉ” అని వచ్చింది. మళ్లీ వినండి: ఆరు గంట యం, కు రేవు ద ల. పూర్తిగా తప్పయితే విద్యార్థి మొదటినుంచీ రాసుకుంటాడు. ఇది సగం నిజంలా కనిపిస్తుంది. ‘ఆరు గంట’ కనబడుతోంది, ‘రేవు’ కనబడుతోంది, ఆఖరున ‘రేపు’ కూడా తల బయటపెట్టింది. ఒక్క అక్షరం దగ్గర లెక్క జారితే ఆ తర్వాతి వరుసలన్నీ ఒక్కో మెట్టు జారాయి.

ఈ తప్పుకు నేను చెప్పే మందు ఒకటుంది. విప్పడానికి వేరే లెక్క కట్టొద్దు. మూసేటప్పుడు నడిచిన దారినే మళ్లీ నడవండి. అవే రెండు లూపులు, అవే గెంతులు. మూసేటప్పుడు గెంతిన చోట అక్షరాన్ని తీసి, బారులో వరసగా పెట్టాం. విప్పేటప్పుడు బారులోంచి వరసగా తీసి, గెంతిన చోట పెడతాం. ప్రోగ్రాములో మారేది ఒక్క పంక్తి. సమానం గుర్తుకు ఎడమ, కుడి పక్కల సూచికలు ఒకదాని చోటికి ఇంకొకటి వెళతాయి. పొడుగు వరుసలేవో, పొట్టి వరుసలేవో ఎవరూ లెక్కపెట్టనక్కర్లేదు. దారే చెబుతుంది. ఈ ఒక్క మార్పు చూసిన రోజున పిల్లల ముఖాల్లో వచ్చే వెలుగు కోసమే ఆ పాఠం ఏటేటా చెప్పాను.

మరి రెండు చిన్న గోతులున్నాయి. తెర మీద టైపు చేసిన వాక్యాన్ని ‘ఎఫ్‌గెట్స్’తో చదివితే, చివర నొక్కిన ఎంటర్ కీ కూడా కబురులో కలిసి వస్తుంది. అది కంటికి కనబడదు కానీ, చోటు ఆక్రమిస్తుంది. మన ఉదాహరణలో అది సరిగ్గా ఆ ఖాళీ గడిలో, 20వ అక్షరంగా కూర్చుంటుంది. ఐదో వరుసే ముందు చదువుతాం కాబట్టి, యం ల గ్గ తర్వాత కబురు హఠాత్తుగా రెండో పంక్తిలోకి విరిగిపడుతుంది. రెండో గొయ్యి తాళంచెవిలో ఉంది. ‘బుడబుక్కల’ అని తాళంచెవి పెట్టుకున్నాం అనుకోండి. బు, డ, బు, క్క, ల. అందులో బు రెండుసార్లుంది. వీటిలో ఏది ముందు? ఎడమది ముందు అని మనం అనుకుంటాం. అక్షరాలను వరసలో పెట్టడానికి సి భాషతో వచ్చే ‘క్యూసార్ట్’ మాత్రం ఆ హామీ ఇవ్వదు. సమానమైన రెండింటిని ఏ వరసలోనైనా ఉంచొచ్చని ప్రమాణమే చెబుతోంది. పంపినవారి కంప్యూటర్లో ఒక వరస, అందుకున్నవారి కంప్యూటర్లో ఇంకో వరస వస్తే కబురు ఇక తేలదు. అందుకే పోల్చేటప్పుడు అక్షరాలు సమానమైతే, స్థానసంఖ్యలను కూడా పోల్చి తీర్పు చెప్పాలి.

ఇవి ల్యాబులో మార్కులు పోయే తప్పులు. ఇవే తప్పులు ప్రాణాల మీదికి వచ్చిన రోజులున్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో, 1940లో బ్రిటన్ ఒక రహస్య సంస్థను పెట్టింది. స్పెషల్ ఆపరేషన్స్ ఎగ్జిక్యూటివ్ దాని పేరు. జర్మనీ ఆక్రమించిన దేశాల్లోకి ఏజెంట్లను దింపేవారు. వాళ్లు వైర్‌లెస్ మీద లండన్‌కు కబుర్లు పంపాలి. చాలాకాలం వాళ్లకు ఇచ్చిన గూఢలిపి ఈ గళ్ల స్థానమార్పిడే, ఒకసారి కాదు, రెండుసార్లు. ఏజెంటు ఒక పద్యాన్ని కంఠతా పట్టాలి. అందులోంచి ఐదు మాటలు ఎంచుకుని, వాటి అక్షరాలకు వర్ణమాల వరసలో అంకెలు వేసుకుని, అదే తాళంచెవిగా గళ్లు నింపాలి. వచ్చిన ఫలితాన్ని మళ్లీ గళ్లలో పోసి ఇంకోసారి తిప్పాలి. చలిలో, అటక మీద, కొవ్వొత్తి వెలుగులో, కింద వీధిలో శత్రువు తిరుగుతుండగా ఈ లెక్క చెయ్యాలి. ఒక్క అంకె తప్పు వేసినా, ఒక్క వరుస జారినా లండన్ చేరిన కబురు విడిపోయేది కాదు.

ఆ సంస్థలో గూఢలిపుల పనికి పెద్ద అయిన లియో మార్క్స్ అప్పటికి ఇరవైల్లో ఉన్న కుర్రాడు. విడిపోని కబుర్లను పక్కన పడెయ్యడానికి ఆయన ఒప్పుకోలేదు. మళ్లీ పంపమంటే, ఆ ఏజెంటు మళ్లీ గాలిలోకి రావాలి, మళ్లీ పట్టుబడే ప్రమాదంలో పడాలి. అందుకని గ్రెండన్ హాల్ అనే చోట ఆ కబుర్లు విప్పే యువతులకు ఆయన తప్పులను ఊహించడం నేర్పాడు. ఇక్కడ అక్షరదోషం పడి ఉంటే? ఇక్కడ రెండు వరుసలు తారుమారై ఉంటే? ఇలా ఒక్కొక్క ఊహనూ చేతితో పరీక్షించి, వందల ప్రయత్నాల తర్వాత కబురును బయటికి లాగేవారు. ఇందాకటి ‘ఆరుగంటయం’ లాంటి తప్పులు నా విద్యార్థుల దగ్గర చూసినప్పుడల్లా నాకు ఆ యువతుల బల్లలు గుర్తుకొస్తాయి.

ఆ పద్యాల పద్ధతిలో శిక్షణ పొందిన ఏజెంట్లలో ఒకరు నూర్ ఇనాయత్ ఖాన్. టిప్పు సుల్తాను వంశపు బిడ్డ. ఆమె తండ్రి హజ్రత్ ఇనాయత్ ఖాన్ బరోడా గాయకుడు. హైదరాబాదు వచ్చి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఎదుట పాడాడు. సూఫీ దీక్ష తీసుకున్నది కూడా హైదరాబాదులోనే, అబూ హాషిమ్ మదనీ దగ్గర. ఆయన కూతురు 1943 జూన్‌లో ఒక రాత్రి విమానంలో ఫ్రాన్సులో దిగింది. ఆ సంస్థ ఫ్రాన్సుకు పంపిన మొదటి మహిళా వైర్‌లెస్ ఆపరేటరు ఆమె. అక్టోబరులో పట్టుబడింది. ఆమె పంపిన కబుర్ల నకళ్లు నోటుపుస్తకంలో శత్రువుకు దొరికాయి. ఆమె సెట్టు మీద ఆమె పేరుతోనే కబుర్లు పంపి లండన్‌ను మోసగించారు. 1944 సెప్టెంబరు 13న డఖావ్ నిర్బంధ శిబిరంలో ఆమెను కాల్చి చంపారు. అప్పటికి ఆమెకు 30 ఏళ్లు. మార్క్స్ పద్యాల పద్ధతిని మాన్పించి, పట్టుగుడ్డ మీద అచ్చువేసిన తాళాలు ఇప్పించాడు. ఒకసారి వాడిన తాళాన్ని కత్తిరించి కాల్చెయ్యొచ్చు. గుర్తులో ఉన్న పద్యాన్ని మనిషి దగ్గర్నుంచి హింసించి రాబట్టొచ్చు, కాలిపోయిన గుడ్డను ఎవరూ రాబట్టలేరు.

ఇక మళ్లీ ల్యాబులోకి వస్తాను. అసలు నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఇక్కడుంది.

అన్నేళ్లూ ఈ లెక్కను ఇంగ్లీషు కబుర్లతోనే చేయించాను. ఒక ఏడాది ఒక అమ్మాయి ప్రోగ్రాము పూర్తిచేసి, తెలుగులో వాక్యం టైపు చేసింది. తెరంతా ప్రశ్నార్థకాలు, ఖాళీ డబ్బాలు. “సార్, తెలుగులో ఎందుకు రాదు?” అంది. సిలబసులో ఇంగ్లీషు చాలు అని అప్పటికి చెప్పి పంపాను. ఆ జవాబు నాకే నచ్చలేదు. సి భాషకు తెలుగు మీద కోపమేమీ లేదు. అక్షరం అంటే ఏమిటో మేము దానికి సరిగ్గా చెప్పలేదు, అంతే.

కంప్యూటరు తెలుగును యూటీఎఫ్-8 అనే పద్ధతిలో దాచుకుంటుంది. దాన్ని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ ఒక భోజనశాలలో బల్ల మీది కాగితంపై రూపుకట్టారు. అందులో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడు బైట్లు కావాలి. క ఒక గుర్తు, గుడి ఒక గుర్తు, సున్నా ఒక గుర్తు, పొల్లు ఒక గుర్తు. ‘గ్గ’ రాయాలంటే గ, పొల్లు, మళ్లీ గ: మూడు గుర్తులు, తొమ్మిది బైట్లు. ‘ద్దాం’ అయితే ద, పొల్లు, ద, దీర్ఘం, సున్నా: ఐదు గుర్తులు, 15 బైట్లు. మన రేవు కబురులో మీరు గళ్లలో రాసింది 19 అక్షరాలు. లిపి గుర్తుల ప్రమాణమైన యూనికోడ్ లెక్కలో అవి 34 గుర్తులు. సి భాషలో పొడవు చెప్పే ‘స్టర్‌లెన్’ను అడిగితే 102 అంటుంది. ఒకే వాక్యానికి మూడు పొడవులు, మూడూ నిజమే.

ఆ అమ్మాయి ప్రోగ్రాము తను టైపు చేసిన వాక్యాన్ని బైటు బైటుగా గళ్లలో పోసింది. ఒక అక్షరపు ముక్క ఒక మూలకు, ఇంకో ముక్క మరో మూలకు పోయాయి. ముక్కలను అక్షరాలుగా చదవలేక తెర ప్రశ్నార్థకాలు చూపించింది. పోనీ, మూడేసి బైట్లు కలిపి గుర్తు చొప్పున తిప్పితే? ఇప్పుడు తెర మీద తెలుగే వస్తుంది, కానీ అవిటి తెలుగు. హల్లు ఒకచోట, దాని గుడి ఇంకోచోట. ఆధారం లేని గుణింతం గుర్తు కింద కంప్యూటరు చుక్కల వలయం గీసి చూపిస్తుంది. దాన్ని ఎవరూ పైకి చదవలేరు, ఫోనులో చెప్పలేరు.

దీనికి జవాబు నాకు అవధాన సభలో కనిపించింది. అష్టావధానంలో వ్యస్తాక్షరి అనే అంశం మీలో చాలామంది చూసే ఉంటారు. పృచ్ఛకుడు ఒక వాక్యాన్ని మనసులో పెట్టుకుని, దాని అక్షరాలను వరస తప్పించి ఒక్కొక్కటే, మధ్యమధ్య అందిస్తాడు. ఏడో అక్షరం ఇది, రెండో అక్షరం ఇది, పదకొండోది ఇది అని. అవధాని ఒక పక్క సమస్య పూరిస్తూ, మరో పక్క దత్తపది చెబుతూ, అప్రస్తుత ప్రసంగానికి బదులిస్తూ, ఈ చెల్లాచెదురైన అక్షరాలను మనసులో తమతమ చోట్ల పెట్టుకుని, చివరికి వాక్యం మొత్తం అప్పజెబుతాడు. ఆలోచించండి. స్థాన సూచికలతో వచ్చిన అక్షరాలను గెంతిన చోట పెట్టడం. మేము ల్యాబులో రెండు లూపులతో విప్పుతున్నది అదే! ఆ రోజు పృచ్ఛకుడు ‘గ్గ’ను ఒకే అక్షరంగా ఇచ్చాడు. గ ఒకసారి, వత్తు ఇంకోసారి ఇవ్వలేదు. ఇవ్వాలని ఏ తెలుగువాడికీ తోచదు. ఊళ్లో పిల్లలు క-భాష మాట్లాడుకునేటప్పుడు ప్రతి అక్షరం ముందూ క చేరుస్తారే, వాళ్లు కూడా అక్షరాన్ని ఎక్కడా చీల్చరు. ఐదేళ్ల పిల్లకు తెలిసిన హద్దును మేము యంత్రానికి చెప్పలేదు.

చెప్పాలంటే నియమం ఎంతో కాదు. కబురును గుర్తు గుర్తుగా చూసుకుంటూ వెళ్లాలి. అచ్చు కనబడితే కొత్త అక్షరం మొదలు. హల్లు కనబడితే, దాని ముందున్నది పొల్లు కాకపోతేనే కొత్త అక్షరం మొదలు. మిగిలిన ప్రతి గుర్తూ ముందు అక్షరానికి అతుక్కుంటుంది. ఇంతే. ఇందులో ఒక్క జాగ్రత్త ఉంది. తెలుగు గుర్తుల మొదటి బైటు విలువ ఎప్పుడూ 224. సి భాషలో మామూలు ‘క్యార్’ రకం మనం వాడే చాలా కంప్యూటర్లలో 127 దాటిన విలువను రుణసంఖ్యగా చూస్తుంది, 224 కాస్తా మైనస్ 32 అవుతుంది. అప్పుడు 224తో పోల్చిన ఏ పోలికా నెగ్గదు. ‘అన్‌సైన్డ్ క్యార్’ అని ముందే ప్రకటించుకుంటే ఆ గొడవ ఉండదు. నేను ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నది ఈ ఒక్క మాట దగ్గరే.

తర్వాత అందమైన భాగం. అక్షరాలు ఇప్పుడు ఒకే పొడవులో లేవు. ఉ మూడు బైట్లు, ద్దాం 15. వీటిని గళ్లలో ఎలా కదపాలి? కదపొద్దు. కబురును ఉన్నచోటే ఉండనిచ్చి, ఏ అక్షరం ఎక్కడ మొదలైందో ఆ చిరునామాలను మాత్రం ఒక అర్రేలో రాసుకోవాలి. 19 గళ్లకు 20 గీతలు కావాలి కదా, అలాగే 19 అక్షరాలకు 20 చిరునామాలు. ఆఖరిది కబురు ముగిసే చోటు. పక్కపక్క చిరునామాల తేడాయే అక్షరం పొడవు. ఇక మన తొక్కుడుబిళ్ల లూపులు ఈ చిరునామాల మీద గెంతుతాయి. పాత ప్రోగ్రాములో ఒక్క బైటును రాసిన చోట, ఇప్పుడు ఆ చిరునామా దగ్గరున్న బైట్లన్నీ రాస్తాం. లూపుల గుండెకాయ మారలేదు. విప్పేటప్పుడు మాత్రం చిన్న తేడా ఉంది: అక్షరాల పొడవులు వేరువేరు కాబట్టి ఫలితంలోకి నేరుగా రాయలేం. ముందు చిరునామాలను తమతమ చోట్ల పెట్టి, ఆ తర్వాత వరసగా అచ్చువెయ్యాలి. అవధాని చేసేది కూడా అదే కదా, అన్నీ చేరాకే అప్పజెబుతాడు.

యూనికోడ్ ప్రమాణం చాలాకాలం పొల్లు దగ్గర అక్షరాన్ని తెంపేసేది. గ్గ దాని లెక్కలో రెండు ముక్కలు. 2023లో వచ్చిన 15.1 కూర్పులో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకు సంయుక్తాక్షరాన్ని ఒక్కటిగా చూసే నియమం చేర్చారు. మన పృచ్ఛకుల లెక్కకు ప్రమాణం చేరుకుందన్నమాట.

ఇంకా ఒక చిక్కు మిగిలింది, అది నాకు అన్నిటికన్నా ముచ్చటైనది. “పార్క్ దగ్గర కలుద్దాం” అని పంపాలనుకోండి. ఖాళీలు తీసేస్తే ‘ర్క్’ చివరి పొల్లు పక్కన ద వచ్చి నిలబడుతుంది. నియమం ప్రకారం రెండూ కలిసి ‘ర్క్ద’ అనే ఒక వింత అక్షరమవుతుంది. ఖాళీలు తీయకముందే అక్షరాలు లెక్కపెట్టినా తప్పించుకోలేం. గళ్లు తిరిగాక ‘ర్క్’ పక్కన ఏ హల్లు వచ్చి పడినా, అవతలివాళ్ల కంప్యూటరు రెండింటినీ కలిపేస్తుంది. ఒక అక్షరం తగ్గుతుంది, గళ్లన్నీ జారతాయి. దీనికి యంత్రపు మందు ఒకటుంది. పొల్లు తర్వాత, హల్లులు అతుక్కోకుండా ఆపే కనిపించని గుర్తు ఒకటి యూనికోడ్‌లో ఉంది, దాన్ని చేర్చాలి. దానివల్ల మన నియమం మార్చనక్కర్లేదు కూడా. హల్లు వెనక్కి చూసుకుంటే పొల్లు కాకుండా ఆ గుర్తు కనబడుతుంది, కొత్త అక్షరం మొదలవుతుంది. తెలుగు మందు ఇంకోటుంది. పార్క్ అనొద్దు, పార్కు అనండి. మన మాటలు అచ్చుతో ముగియడం వినడానికి ఇంపు అని చిన్నప్పటినుంచీ విన్నాం. అది గూఢలిపికి కూడా రక్ష అని నేను ఈ ప్రోగ్రాము రాస్తున్నప్పుడే తెలుసుకున్నాను.

ఈ తాళం ఎంత గట్టిది? ఐదు వరుసలను 120 రకాలుగా పేర్చొచ్చు. ఓపిక ఉంటే చేతితోనే అన్నీ చూడొచ్చు. పది వరుసలైతే 36,28,800 పేర్పులు. చేతికి అసాధ్యం, మామూలు ల్యాప్‌టాపుకు చిటికెలో పని. రెండుసార్లు తిప్పితే చాలా కష్టమవుతుంది. 2007లో జర్మనీకి చెందిన క్లాస్ ష్మే, పొడుగాటి తాళాలతో రెండుసార్లు తిప్పిన కబురు ఒకదాన్ని సవాలుగా ప్రకటించాడు. ఆరేళ్లు ఎవరికీ లొంగలేదు. 2013లో ఇజ్రాయెల్‌కు చెందిన జార్జ్ లాస్రీ కంప్యూటరు సాయంతో దాన్ని విప్పాడు. అందుకని బ్యాంకు పిన్ నంబరును, పాస్‌వర్డును రామచిలుకకు అప్పగించకండి, దయచేసి.

కానీ స్థానమార్పిడి మ్యూజియంలోకి పోలేదు. 2001లో అమెరికా ప్రమాణంగా ప్రకటించిన ఏఈఎస్ అనే పద్ధతి ఇవాళ ప్రపంచమంతా వాడుకలో ఉంది. మీ ఫోనులో వాట్సాప్ కబురు బయల్దేరే ముందు దానిగుండానే వెళుతుంది. అందులో కబురును 16 బైట్ల చొప్పున నాలుగు నాలుగుల గళ్లలో పోస్తారు. ప్రతి విడతలోనూ మొదటి అడ్డువరుసను కదపరు, రెండోదాన్ని ఒక గడి, మూడోదాన్ని రెండు, నాలుగోదాన్ని మూడు గళ్లు పక్కకు జరుపుతారు. అక్షరం వేషం మార్చే మెట్టు, చోటు మార్చే మెట్టు ఒకదాని తర్వాత ఒకటి పదిసార్లకు తక్కువ కాకుండా తిరుగుతాయి. ఆ రెండో మెట్టు ఇందాక మీరు కాగితం మీద చేసిన పనికి దగ్గరి చుట్టం.

ఆ అమ్మాయి ప్రోగ్రాము చివరికి పనిచేసింది. అక్షరాల చిరునామాల ఆలోచన నాది, దాన్ని 60 పంక్తుల్లో చక్కగా రాసింది మాత్రం తనే. తను మొదట మూసిన కబురు నాకు గుర్తుంది. మీరూ విప్పండి. తాళం అదే రామచిలుక. అక్షరాలు 13, కాబట్టి పొట్టి వరుసలు రెండున్నాయి, అవేవో చూసుకోండి. రాసుకుంటున్నారా? మెల్లగా చెబుతున్నాను.

ళ్ళు, ద, డి, క, ను, మి, ట, చా, మా, అ, దా, ప, మీ.